రచయిత పరిచయం: ఆప్తవాక్యానికీ ఆత్మస్తుతికీ మధ్య

వ్యాసం చివర రెండు మూడు వాక్యాల్లో వచ్చే రచయిత పరిచయం చాలామందికి ఒక లాంఛనం. పేరు, ఊరు, ఉద్యోగం, రాసిన పుస్తకాలు, అందుకున్న పురస్కారాలు చెప్పేసరికి ఆ వరుసలు నిండిపోతాయి. కానీ భారతీయ దర్శనాలు శతాబ్దాల తరబడి వాదించుకున్న రెండు ప్రశ్నలు ఆ కాస్త చోటులోనే ఎదురవుతాయి. ఒక మాటను నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ మాట అన్నది ఎవరో తెలియాలా? ఇది ప్రమాణానికి సంబంధించిన ప్రశ్న. తెలియాలనే అనుకుంటే, ఆ మనిషి తన గురించి తానే చెప్పుకోవచ్చా? ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. తెలియాలంటే పరిచయం తప్పనిసరి అవుతుంది, చెప్పుకోకూడదంటే పరిచయమే దోషమవుతుంది. దార్శనికులు మొదటి ప్రశ్నను శాస్త్రంగా చర్చిస్తే, తెలుగు కవులు రెండోదాన్ని కావ్య అవతారికల్లో ఆచరణగా పరిష్కరించుకున్నారు.

కర్త లేని మాట

పరిచయం అక్కరలేదనే పక్షంలో అందరికంటే దూరం వెళ్లినవారు మీమాంసకులు. మాటలో దోషం ఆ మాట పలికినవాడి నుంచే వస్తుందని కుమారిలభట్టు శ్లోకవార్తికంలో వాదించాడు. పలికినవాడు పొరపడి ఉండవచ్చు, మోసం చేయాలని చూడవచ్చు, ఏమరుపాటున ఒకటి బదులు మరొకటి అనవచ్చు. పలికినవాడే లేనప్పుడు ఈ దోషాలు చేరడానికి చోటుండదు. వేదం అపౌరుషేయం కాబట్టి నిర్దోషమని, నిర్దోషం కాబట్టి ప్రమాణమని ఆయన సిద్ధాంతం.

దీనికి ప్రతివాది వెంటనే అభ్యంతరం చెబుతాడు. కాఠకం, కాలాపకం వంటి శాఖలకు మనుషుల పేర్లే ఉన్నాయి కదా, కఠుడు రచించాడు కాబట్టే అది కాఠకమైంది కదా అని అడుగుతాడు. ఆ పేరు రచన వల్ల వచ్చింది కాదు, ప్రవచనం వల్ల వచ్చిందని జైమిని సూత్రం జవాబిస్తుంది. కఠుడు ఆ శాఖను అందరికంటే చక్కగా బోధించాడు, అందుకే ఆయన పేరు నిలిచిందని భావం. రాసినవాడు వేరు, అందించినవాడు వేరు అనే తేడా అప్పుడే స్పష్టంగా గీశారు.

ఆచారం మాత్రం పేరును వదలలేదు. సూక్తం పఠించే ముందు దాని ఋషినీ, ఛందస్సునూ, దేవతనూ తలచుకోవాలన్నది నియమం. కాత్యాయనుడి సర్వానుక్రమణి ఋగ్వేద సూక్తాలకు ఈ మూడింటినీ వరుసగా చెబుతుంది. మొదటి సూక్తానికి ఋషి విశ్వామిత్రుడి కొడుకు మధుచ్ఛందుడు. కర్త లేడని వాదించే సంప్రదాయమే ద్రష్ట పేరు మరవకూడదని పట్టుబట్టిందన్నమాట. అయితే ఆ పేరు పక్కన బిరుదు లేదు, ఘనకార్యాల జాబితా లేదు. సూక్తం ఎవరి ద్వారా వచ్చిందో చెప్పడంతో అనుక్రమణి పని తీరిపోయింది.

ఆప్తుడి లక్షణం

న్యాయదర్శనం దారి వేరు. మాట కూడా ప్రత్యక్షం, అనుమానం లాగా ఒక ప్రమాణమేనని గౌతముడి న్యాయసూత్రాలు ఒప్పుకుంటాయి. అయితే అది ఆప్తుడి ఉపదేశం కావాలి. ఆప్తుడంటే ఎవరో భాష్యకారుడు వాత్స్యాయనుడు విడమరిచి చెప్పాడు. విషయాన్ని స్వయంగా తెలుసుకున్నవాడై ఉండాలి. తోటి ప్రాణుల మీద దయ ఉండాలి. తాను ఎలా చూశాడో అలాగే చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ మూడూ ఉన్నవాడి మాట నమ్మదగినది.

వాత్స్యాయనుడు ఇంకొక అడుగు కూడా వేశాడు. ఈ లక్షణం ఋషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ ఒక్కటేనన్నాడు. కులం, గోత్రం, దేశం ఆప్తత్వాన్ని నిర్ణయించవని దీని అర్థం. అడవి దారి అడవిలో తిరిగేవాడికే తెలుస్తుంది. వాడు ఎవరైనా సరే, తెలిసింది తెలిసినట్టు చెబితే ఆ విషయంలో వాడే ఆప్తుడు.

వేదం ప్రమాణమని నైయాయికులూ ఒప్పుకుంటారు. కానీ వారు చూపే కారణం మీమాంసకులు చూపేదానికి పూర్తిగా ఎదురు. ఆయుర్వేదంలో చెప్పిన మందు పనిచేయడం కళ్లతో చూస్తున్నాం, కాబట్టి దాన్ని చెప్పినవారు నమ్మదగినవారని తెలుస్తోంది, వేదానికీ అదే న్యాయం వర్తిస్తుందని సూత్రకారుడి వాదం. కర్త లేకపోవడం వల్ల కలిగే నమ్మకం కంటే, కర్తను పరీక్షించి చూడడం వల్ల కలిగే నమ్మకానికే ఇక్కడ పెద్దపీట.

రచయిత పరిచయంలో ఏముండాలన్న ప్రశ్నకు ఇంతకంటే పాత, ఇంతకంటే సూటి జవాబు దొరకదు. ఈ విషయం ఇతనికి ఎలా తెలిసింది, ఎవరి మేలు కోరి చెబుతున్నాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పకుండా అడ్డుపడేది ఏదైనా ఉందా? పాఠకుడికి కావలసినవి ఈ మూడే.

వ్యక్తిని వదిలి ధర్మాన్ని పట్టుకోవడం

బౌద్ధులు నమ్మకాన్ని చెప్పినవాడి మీద నుంచి చెప్పిన విషయం మీదికి మార్చారు. వారి నాలుగు ప్రతిశరణాల్లో ఒకటి ధర్మాన్ని ఆశ్రయించమని, వ్యక్తిని ఆశ్రయించవద్దని చెబుతుంది. ఎంత గొప్పవాడు చెప్పినా మాట నిలబడకపోతే వదిలేయాలి, ఎంత అనామకుడు చెప్పినా నిలబడితే తీసుకోవాలి. అయినా బౌద్ధ సూత్రాలు ఆధారం చెప్పకుండా మొదలుకావు. ఈ ఉపదేశాన్ని తాను విన్నానని సాక్షి చెప్పుకోవడంతో, బుద్ధుడు అప్పుడు ఏ ఊళ్లో, ఏ తోటలో ఉన్నాడో తెలపడంతో సూత్రం ఆరంభమవుతుంది. ఆ సాక్షి ఆనందుడని సంప్రదాయం. వ్యక్తిని పూజించవద్దన్నవారు కూడా సాక్షిని దాచలేదు.

వేదాంత గ్రంథాల మొదట్లో అనుబంధ చతుష్టయమని నాలుగు అంశాలు చెబుతారు. చదవడానికి ఎవరు అర్హులు, విషయం ఏమిటి, గ్రంథానికీ విషయానికీ సంబంధం ఏమిటి, చదివితే కలిగే ప్రయోజనం ఏమిటి అన్నవి ఆ నాలుగు. చదివేవాడి అర్హత గురించి ప్రత్యేకంగా చెప్పే ఈ పట్టికలో రాసినవాడి అర్హతకు చోటు లేదు. గురువు ఎదురుగా కూర్చుని పాఠం చెప్పే రోజుల్లో ఆ లోటు తెలియలేదు. శిష్యుడు గురువును రోజూ చూస్తున్నాడు కాబట్టి పరిచయం విడిగా అక్కరలేదు. రాసినవాడూ చదివేవాడూ ఒకరికొకరు ముఖం తెలియనివారైనప్పుడే ఆ ఖాళీ కనబడుతుంది.

ఆ ఖాళీని ఒక శాస్త్రంగానే పూరించిన సంప్రదాయం ఇస్లాంలో ఉంది. ప్రవక్త మాటగా చెప్పే ప్రతి హదీసుకూ రెండు భాగాలుంటాయి. ఎవరి నుంచి ఎవరు విన్నారో చెప్పే వరుస ఇస్నాద్, చెప్పిన విషయం మత్న్. విషయాన్ని చూసే ముందు పండితులు వరుసలోని ఒక్కొక్కరినీ పరీక్షిస్తారు. నడవడిలో నిజాయతీ ఉందా, జ్ఞాపకంలో కచ్చితత్వం ఉందా, ఒకరి నుంచి విన్నానన్నవాడు ఆ మనిషిని నిజంగా కలిసే అవకాశం ఉందా అని చూస్తారు. ఇలా ఆ వరుసలోనివారి జీవితాలను తూచే విద్యే ఇల్మ్ అర్-రిజాల్. ఆ విద్యలో ప్రసిద్ధమైన ఇబ్న్ హజర్ అల్ అస్ఖలానీ గ్రంథం తహ్‌జీబ్ అల్ తహ్‌జీబ్ హిజ్రీ 1325-27లో హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ద్వారా 12 సంపుటాలుగా అచ్చయింది. అందులో ఉన్నవి పొగడ్త కోసం రాసిన పరిచయాలు కావు. ఫలానావాడు నమ్మదగినవాడు, ఫలానావాడికి వృద్ధాప్యంలో జ్ఞాపకం తప్పింది వంటి తీర్పులు ఉంటాయి. పరిచయం రచయిత గౌరవం కోసమని కాక, వినేవాడి రక్షణ కోసమని భావించినప్పుడు అది ఎలా ఉంటుందో ఈ గ్రంథాలు చూపిస్తాయి.

గోత్రం అడిగితే నిజం చెప్పినవాడు

పెద్దలకు నమస్కరించేటప్పుడు ప్రవర చెప్పుకోవడం వైదిక కుటుంబాల్లో నేటికీ ఉంది. వంశానికి మూలమైన ఋషులు, గోత్రం, సూత్రం, శాఖ చెప్పి చివర తన పేరు చెప్పుకుంటారు. వ్యక్తి కంటే వంశం ముందు వచ్చే పరిచయం ఇది. దానికి ఎదురుగా నిలిచే కథ ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలో ఉంది.

సత్యకాముడనే పిల్లవాడు గురుకులానికి వెళ్లాలనుకుని తన గోత్రమేమిటని తల్లి జబాలను అడుగుతాడు. యౌవనంలో పలుచోట్ల పనులు చేస్తూ తిరిగానని, ఆ రోజుల్లోనే నువ్వు పుట్టావని, గోత్రమేదో తనకు తెలియదని ఆమె చెబుతుంది. తన పేరు జబాల, నీ పేరు సత్యకాముడు కాబట్టి సత్యకామ జాబాలుడనని చెప్పుకోమంటుంది. హారిద్రుమత గౌతముడు గోత్రం అడిగినప్పుడు పిల్లవాడు తల్లి మాటలను ఉన్నవి ఉన్నట్టు అప్పజెబుతాడు. సత్యం నుంచి తొలగలేదు కాబట్టి ఉపనయనం చేస్తానని గురువు సమిధలు తెమ్మంటాడు.

ఇక్కడ పిల్లవాడు చెప్పిన పరిచయంలో గొప్పలేమీ లేవు. అడిగిన ముఖ్య విషయానికి తెలియదన్నదే జవాబు. లోకం కోరిన అర్హత చూపలేక నిజం చెప్పాడు, గురువు ఆ నిజాన్నే అర్హతగా తీసుకున్నాడు. పరిచయానికి ఉండవలసిన గుణాల్లో మొదటిది సత్యమని, తక్కినవన్నీ దాని తరవాతేనని ఈ ఉపనిషత్కథ తేల్చింది.

ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమన్న తీర్పు

రెండో ప్రశ్నకు మహాభారతం చెప్పిన జవాబు కఠినమైనది. కర్ణపర్వంలో ధర్మరాజు కర్ణుడి బాణాలకు గాయపడి శిబిరానికి చేరతాడు. చూడడానికి వచ్చిన అర్జునుడు కర్ణుణ్ణి చంపి వచ్చాడని ధర్మరాజు మొదట పొరబడి, కాదని తెలిసి కోపంతో గాండీవాన్ని మరొకరికి ఇచ్చేయమంటాడు. ఆ మాట అన్నవాడి తల తీస్తానని అర్జునుడికి రహస్య ప్రతిజ్ఞ ఉంది. కత్తి దూస్తాడు. పెద్దవాణ్ణి నువ్వని చులకన చేసి మాట్లాడితే చంపినట్టేనని కృష్ణుడు ఉపాయం చెబుతాడు. అర్జునుడు అన్నను తూలనాడి, వెంటనే పశ్చాత్తాపంతో తనను తానే పొడుచుకోబోతాడు. అప్పుడు కృష్ణుడు రెండో ఉపాయం చెబుతాడు. నీ గొప్పలు నీ నోటితో చెప్పుకో, అది నిన్ను నువ్వు చంపుకున్నట్టే అవుతుంది. అర్జునుడు తన విలువిద్య గురించి చెప్పుకుంటాడు.

ఈ ఘట్టంలో గమనించవలసిన సంగతి ఒకటుంది. అర్జునుడు చెప్పుకున్నదాంట్లో అబద్ధం లేదు. అతను నిజంగానే గొప్ప విలుకాడు. నిజమైనా సరే, తన ఘనతను తానే చెప్పుకుంటే మనిషి చచ్చినవాడితో సమానమని తీర్పు. సత్యకాముడి కథ సత్యం చాలునంటుంది, కర్ణపర్వం సత్యమైనా చాలదంటుంది. సత్యకాముడు చెప్పింది గురువుకు నిర్ణయం చేయడానికి అవసరమైన సంగతి. అర్జునుడు చెప్పింది అక్కడ ఎవరికీ అవసరం లేనిది, అన్నకూ కృష్ణుడికీ ముందే తెలిసినది. అడిగినవారికి అక్కరకు వచ్చే నిజం పరిచయమవుతుంది. ఎవరికీ అక్కరలేని నిజం ఆత్మస్తుతి అవుతుంది.

తెలుగు కవులు కనిపెట్టిన దారులు

తెలుగు కావ్యానికి పరిచయం రెండు చోట్ల ఉంటుంది. మొదట్లో అవతారిక, ప్రతి ఆశ్వాసం చివర గద్య. అవతారికలో కవి వంశం, గురువు, కృతి పుట్టిన సందర్భం, అంకితం పొందినవాడి ఘనత వస్తాయి. ఆశ్వాసాంత గద్య రచయిత పేరు, తండ్రి పేరు, బిరుదు, గ్రంథం పేరు, ఎన్నో ఆశ్వాసమో చెబుతుంది. ఆత్మస్తుతి దోషం తగలకుండా ఈ చోట్లను నింపడానికి కవులు రకరకాల ఉపాయాలు పన్నారు.

మొదటి ఉపాయం నన్నయదే. మహాభారత అవతారికలో ఆయన తన అర్హతలను పెద్ద వరుసగా చెప్పాడు. ముద్గల గోత్రం, ఆపస్తంబ సూత్రం, జపహోమాల్లో శ్రద్ధ, శబ్దశాస్త్రంలో అధికారం, పురాణాల్లో పరిజ్ఞానం, సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ కావ్యరచన, లోకజ్ఞత, ఎప్పుడూ సత్యమే పలకడం అందులో ఉన్నాయి. కానీ ఆ పద్యంలో నేను అన్న మాట లేదు. అన్ని విశేషణాలనూ ద్వితీయా విభక్తిలో పేర్చి, అలాంటి నన్నపార్యుణ్ణి చూసి రాజరాజనరేంద్రుడు పలికాడని వాక్యం ముగించాడు. కవి తనను తాను చూస్తున్న రాజు కళ్లలోంచి చూపించుకున్నాడు. భారతం తెనిగించేవాడికి కావలసిన యోగ్యతలే వరుసలో ఎక్కువగా ఉండడం వల్ల ఆ పరిచయం డాంబికంగా అనిపించదు. తన సహాధ్యాయుడు నారాయణభట్టు ఈ పనిలో చేసిన సాయాన్ని కూడా ఆయన చెప్పడం మరిచిపోలేదు.

మనుచరిత్రలో పెద్దన ఇదే దారిలో ఇంకొంచెం ముందుకు పోయాడు. ఆంధ్రకవితాపితామహుడన్న సంబోధనతో సహా ఆయన విద్వత్తు వర్ణన అంతా కృష్ణదేవరాయల నోట వస్తుంది. రాయలకు పై అధికారి లేడు కాబట్టి తాను రాసిన ఆముక్తమాల్యదలో ఆ పని దేవుడికే అప్పగించాడు. కళింగ దండయాత్ర దారిలో శ్రీకాకుళంలో ఆగినప్పుడు ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి, నువ్వు సంస్కృతంలో మదాలసచరిత్ర, సత్యావధూప్రీణనం మొదలైనవి రాశావు కదా అని పేరుపేరునా చెప్పి, ఇప్పుడు తెలుగులో ఒక కావ్యం చెప్పమంటాడు. రచయిత తన పూర్వరచనల పట్టికను భగవంతుడి చేత చదివించుకున్న ఉదాహరణ ఇది.

శ్రీనాథుడికి ఇలాంటి చాటు అక్కరలేకపోయింది. కాశీఖండం అవతారికలో నేనంటూనే తన రచనలను వయసుల వారీగా చెప్పుకున్నాడు. బాల్యంలో మరుత్తరాట్చరిత్ర, నూనూగు మీసాల వయసులో శాలివాహన సప్తశతి, నిండు యౌవనంలో నైషధం, వయసు పండాక భీమఖండం, వార్ధక్యం దగ్గరపడుతుండగా ఇప్పుడు కాశీఖండం. ఇందులో పొగడ్త పాలు తక్కువ, సమాచారం పాలు ఎక్కువ. మరుత్తరాట్చరిత్ర నేటికీ దొరకలేదు, సప్తశతి గ్రంథరూపంలో మిగలలేదు. ఆ రెండు గ్రంథాలు ఉండేవని లోకానికి తెలిసింది ముఖ్యంగా ఈ పరిచయం వల్లనే.

భక్తకవులకు సమస్య ఇంకా జటిలం. భాగవతం పలికించేవాడు రామభద్రుడని, తాను పలుకుతున్నానంతే అని పోతన అవతారికలో ప్రకటించాడు. కర్తృత్వం తనది కాదన్న కవి పేరు చెప్పుకోకూడదనే అనిపిస్తుంది. అయినా అదే అవతారికలో తల్లి లక్కమాంబను, తండ్రి కేసనను, అన్న తిప్పనను తలచుకున్నాడు. స్కంధాంత గద్యల్లో సహజపాండిత్యుడన్న విశేషణంతో పేరు వేసుకున్నాడు. కవిత్వం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు అవతారిక భక్తుడిగా జవాబిస్తే, గ్రంథంలోని తప్పొప్పులకు ఎవరు బాధ్యులన్న ప్రశ్నకు గద్య కవిగా జవాబిచ్చింది.

మొల్ల రామాయణంలో ఈ రెండు స్వరాలూ మరింత స్పష్టం. వ్యాకరణం, అలంకారశాస్త్రం తనకు రావని, గోపవరపు శ్రీకంఠమల్లేశుడి దయ వల్ల కవిత్వం చెబుతున్నానని అవతారికలో అంటుంది. గద్యలో మాత్రం కేసనసెట్టి కూతురినని, పండితులు మెచ్చిన కవితాచమత్కారం తనదని చెప్పుకుంటుంది. వినయం ఒక మర్యాద, గద్య ఒక దస్తావేజు. దస్తావేజులో తనకు రావలసినదాన్ని ఆమె వదులుకోలేదు.

పదకర్తల పద్ధతి ముద్ర, అంటే పాటలోనే ఒక పేరు నిలపడం. అన్నమయ్య కీర్తనల్లో ముద్ర వేంకటేశ్వరుడి పేరు, క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడి పేరు. త్యాగరాజు మాత్రం తన పేరే ముద్రగా వేసుకున్నాడు. కీర్తనలో తన పేరు వాడని అన్నమయ్య వివరాలు కుటుంబం పుణ్యమా అని నిలిచాయి. తిరుమల రాగిరేకుల మొదటి వాక్యాలు ఆయన శకవర్షం 1346 నుంచి 1424 దాకా, అంటే క్రీ.శ. 1424 నుంచి 1503 వరకు సంకీర్తనలు చెప్పాడని తెలుపుతాయి. మనవడు చిన్నన్న ద్విపదలో అన్నమాచార్య చరిత్ర రాశాడు.

ఎర్రన చేసింది వీటన్నిటికంటే అరుదైన పని. నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని పూరించి, ఆ భాగాన్ని నన్నయ రచనగానే రాజరాజనరేంద్రుడికి అంకితం చేశాడు. తన కాలపు ప్రభువుకు ఇచ్చుకునే అవకాశాన్ని వదులుకున్నాడు. పర్వం చివర మాత్రం రెండు పద్యాల్లో తాను శ్రీవత్స గోత్రుడినని, సూర్యనకూ పోతమాంబకూ కొడుకునని, పాకనాటి గుడ్లూరు తన ఊరని, ఈ శేషం పూరించింది తానని చెప్పి ఊరుకున్నాడు. రచన చివర ఉండే నేటి పరిచయ వాక్యాలకు తెలుగులో ఇంతకంటే మంచి నమూనా లేదు. ఎవరు, ఎక్కడివాడు, ఎంతవరకు తన పని, ఎంతవరకు మరొకరిది అన్నది అందులో తేలిపోతుంది.

పరిచయం లోపిస్తే జరిగేది

గద్యలు లేకపోతే తెలుగు సాహిత్య చరిత్ర చాలావరకు ఊహగా మిగిలేది. భాగవతంలో ఐదో స్కంధం గంగనదని, ఆరోది ఏర్చూరి సింగనదని, చివరి రెండూ వెలిగందల నారయవని తెలిసింది ఆ స్కంధాల చివర ఉన్న పేర్ల వల్లనే. కందుకూరి వీరేశలింగం ఆంధ్రకవుల చరిత్ర కూర్చినప్పుడు ప్రధానంగా ఆధారపడింది అవతారికల మీదా గద్యల మీదా శాసనాల మీదా.

చెప్పవలసినది చెప్పకపోతే వివాదాలు తీరవు. మానవల్లి రామకృష్ణకవి 1909లో వెలుగులోకి తెచ్చిన కుమారసంభవంలో నన్నెచోడుడు తండ్రి చోడబల్లి అని, తల్లి శ్రీసతి అని, కృతిని గురువు జంగమ మల్లికార్జునుడికి అంకితమిచ్చానని చెప్పాడు. కాలం చెప్పలేదు. ఆయన నన్నయకు ముందువాడా తరవాతివాడా అన్న చర్చ పండితుల మధ్య ఏళ్ల తరబడి నడిచింది. ఒక్క శకసంవత్సరం వేసి ఉంటే ఆ చర్చ పుట్టేదే కాదు.

పరిచయాన్ని ఇతరులు తీసివేస్తే జరిగే నష్టం ఇంకా పెద్దది. 18వ శతాబ్దిలో తంజావూరులో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం 19వ శతాబ్దిలో అచ్చయినప్పుడు ఆమె వంశాన్నీ విద్యనూ తెలిపే పీఠిక పద్యాలను వదిలేశారు. కవయిత్రి ఎవరో తెలియకుండా కావ్యం మాత్రమే జనంలోకి వచ్చింది. బెంగళూరు నాగరత్నమ్మ మూలప్రతి సంపాదించి 1910లో ఆ పద్యాలతో సహా మళ్లీ అచ్చు వేయించింది. పైతరాల నుంచి తనదాకా వచ్చిన కళా వంశాన్ని ముద్దుపళని గర్వంగా చెప్పుకున్న ఆ పీఠిక లేకపోతే ఆ కావ్యం వెనక ఉన్న స్త్రీల సాహిత్య సంప్రదాయం కనిపించదు. వినయం పేరుతో పరిచయాన్ని వద్దనడం అందరికీ ఒకేలా పనిచేయదు. పేరు ముందే స్థిరపడినవాడికి అది శోభ. ఎవరూ గుర్తించనివారికి అది మరో తుడిచివేత.

నేటి పరిచయానికి ఈ విచారణ చెప్పేది

పత్తిలో గులాబీరంగు పురుగు గురించి ఒక వ్యాసం వచ్చిందనుకుందాం. దాని కింద పరిచయం ఇలా ఉండవచ్చు: “ప్రముఖ రచయిత, బహుముఖ ప్రజ్ఞాశాలి, అనేక పురస్కారాల గ్రహీత, నిరంతర అధ్యయనశీలి.” లేదా ఇలా ఉండవచ్చు: “రచయిత గుంటూరు జిల్లాలో పదిహేనేళ్లుగా పత్తి సాగు చేస్తున్నారు. ఏ విత్తన కంపెనీతోనూ, పురుగుమందుల వ్యాపారంతోనూ సంబంధం లేదు.” మొదటిదాంట్లో నాలుగు పొగడ్తలున్నా పురుగు గురించి ఈ మనిషికి ఏం తెలుసో తెలియదు. రెండోదాంట్లో పొగడ్త ఒక్కటీ లేదు. విషయం స్వయంగా తెలిసినవాడని మొదటి వాక్యం చెప్పింది, ఉన్నది ఉన్నట్టు చెప్పకుండా అడ్డుపడే లాభం లేదని రెండోది చెప్పింది. వాత్స్యాయనుడి లక్షణాలు రెండు వాక్యాల్లో సరిపోయాయి. అదే రైతు ఒకవేళ విత్తన కంపెనీకి సలహాదారు అయి ఉంటే ఆ సంగతి చెప్పడం తప్పనిసరి. దాన్ని దాచిపెడితే వ్యాసంలో రాసిన ప్రతి మాట నిజమైనా పరిచయం అబద్ధమే.

ఇందులోంచి మరికొన్ని నియమాలు వస్తాయి. పరిచయం వ్యాసాన్ని బట్టి మారాలి. నీటిపారుదల మీద రాసినప్పుడు ఇంజనీరుగా చేసిన ఉద్యోగం చెప్పాలి, కర్ణాటక సంగీతం మీద రాసినప్పుడు ఎవరి దగ్గర ఎన్నేళ్లు నేర్చుకున్నారో చెప్పాలి. ఒకే పరిచయాన్ని అన్ని చోట్లా అతికిస్తే అది ప్రవర అవుతుంది, ఆప్తత్వానికి సాక్ష్యం కాదు. డిగ్రీ విషయానికి సంబంధించినదైతేనే చెప్పాలి. పురస్కారం చెప్పదలిస్తే ఎవరిచ్చారో, ఏ ఏడాదో చెబితే సమాచారం. అనేకం అని ఊరుకుంటే డాంబికం. పూర్వరచనలు చెప్పేటప్పుడు శ్రీనాథుడి పద్ధతి మేలు. పేరు, ఎప్పుడు రాసినది అన్న రెండు ముక్కలు చాలు.

పరిచయాన్ని ప్రథమపురుషలో, ఆయన, ఆమె అంటూ రాయడం నేటి వాడుక. చాలాసార్లు అది రచయిత స్వయంగా రాసుకున్నదే. నన్నయ వాడిన ఉపాయమే కాబట్టి అందులో తప్పు లేదు. కాకపోతే ఆ చాటున నిలబడి తన నోటితో అనలేని పొగడ్తను అనుకోవడం కుదరదు. రాసిన పరిచయాన్ని నేను అనే మాటతో మార్చి చదివితే దోషం వెంటనే తెలుస్తుంది. నేను ఈ పంటను పదిహేనేళ్లుగా పండిస్తున్నాను అన్నది నిలబడుతుంది. నేను బహుముఖ ప్రజ్ఞాశాలిని అన్నది నిలబడదు.

అతి వినయానికీ ఇదే పరీక్ష. మొల్ల అవతారికలో వినయం చూపినా గద్యలో లెక్క సరిచూసుకుంది. ఏమీ తెలియనివాడినంటూ పేజీలు నింపేవాడు తన అజ్ఞానాన్ని ఒప్పుకోవడం లేదు, పొగడ్తను పాఠకుడి నోట పలికించాలని చూస్తున్నాడు. నిజంగా తెలియనిది ఉంటే సత్యకాముడిలా ఒక్క వాక్యంలో చెప్పడం నిజాయతీ. వైద్యుడు కానివారు ఆరోగ్యం గురించి రాస్తే ఆ సంగతి పరిచయంలో చెప్పాలి.

కలంపేరు వేరే సంగతి. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి పేర్లు దాపరికాలు కావు, ఆ పేరుతో రాసిన రచనలే ఆ పేరుకు పరిచయం. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో మరణించాక కూడా చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనలను జంటపేరుతోనే ప్రకటించాడు. అది స్నేహధర్మమని లోకానికి తెలుసు కాబట్టి ఎవరూ మోసపోలేదు. ఉద్యోగానికో ప్రాణానికో ముప్పు ఉన్నవారు అసలు పేరు దాచుకోవడం న్యాయమే. అప్పుడు కూడా అది కలంపేరని, విషయంతో తమకున్న సంబంధం ఏమిటో ఆచూకీ తెలియని మేరకు చెబితే ముప్పు పెరగదు, పాఠకుడికి మేలు జరుగుతుంది.

మొత్తం మీద దర్శనాలూ కావ్యాలూ కలిసి ఇచ్చే తీర్పు ఇది. రచనను నమ్మడానికో అనుమానించడానికో పాఠకుడికి పనికొచ్చే నిజం రచయిత చెప్పి తీరాలి, అది తనకు చిన్నతనమైనా సరే. పాఠకుడికి పనికిరానిది ఎంత నిజమైనా చెప్పకూడదు, అది తనకు ఎంత గౌరవమైనా సరే. ఈ రెండు నియమాలూ పాటిస్తే పరిచయం రెండు మూడు వాక్యాలకు మించదు.